పాత కట్టడాన్ని మార్చి అమ్ముతున్న ఫ్లాటా, విడి ఇల్లా: నల్లగొండ, పాలమూరు కొనుగోలుదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వంటి పట్టణాల నడిబొడ్డున ఖాళీ జాగాలు దాదాపు అయిపోయాయి. అందువల్ల పాత బంగ్లాలనూ, మూతపడిన నర్సింగ్ హోమ్‌లనూ, కాలేజీ హాస్టళ్లనూ ఫ్లాట్లుగా మార్చి అమ్మడం కనిపిస్తోంది. అదే సొమ్ముతో ఊరి అంచున విడి ఇల్లు కూడా వస్తుండడంతో ఏది కొనాలన్న సందేహం సహజంగానే కలుగుతోంది. చాలామంది దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి వాటికి సమాధానాలను ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్నకు ఆ సమాధానం విడిగా చదువుకోవచ్చు.

## ఆలోచన దశలో

మార్చిన ఫ్లాట్‌కూ, మామూలు అపార్ట్‌మెంట్‌లోని ఫ్లాట్‌కూ తేడా ఏమిటి?

మామూలు అపార్ట్‌మెంట్‌ను మొదటి నుంచీ పలు కుటుంబాలు ఉంటాయన్న లెక్కతోనే గీస్తారు. పునాది, స్తంభాలు, నీటి గొట్టాలు, సెప్టిక్ ట్యాంకు, పార్కింగు అన్నీ ఆ లెక్క ప్రకారమే ఉంటాయి. మార్చిన ఫ్లాట్ ఉన్న కట్టడం వేరే అవసరానికి పుట్టింది. ఒక కుటుంబం కోసమో, రోగుల కోసమో, విద్యార్థుల కోసమో కట్టినదాన్ని తరువాత గోడలతో విడదీశారు. అది తప్పేమీ కాదు, కొన్ని పాత కట్టడాలు నేటి వాటికంటే గట్టివి కూడా. అయితే కట్టడం మారినంత సులువుగా దాని అనుమతులు, నేలలో వాటా, గొట్టాలు మారవు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి కనుక కొత్త రంగునూ కొత్త టైల్స్‌నూ కాక వాటినే ముందుగా చూడాలి.

అదే డబ్బుకు గడియారం సెంటర్ దగ్గర ఫ్లాట్ వస్తోంది, బైపాస్ దాటాక ఇల్లు వస్తోంది. ఏది మేలు?

మీ సొమ్ములో నేలకు ఎంత పోతోంది, కట్టడానికి ఎంత పోతోంది అన్నది విడదీసి చూడండి. కట్టడం విలువ ఏటా తరుగుతుంది, నేల విలువ సాధారణంగా నిలుస్తుంది. 120 గజాల స్థలంలోని చిన్న ఇంటిని కొంటే ఆ నేలంతా మీదే. ఊరి నడిబొడ్డున 300 గజాల్లోని కట్టడాన్ని ఆరు సమాన ఫ్లాట్లు చేస్తే ఒక్కొక్కరికి వచ్చేది 50 గజాలే, అది కూడా గీత గీసి చూపలేని ఉమ్మడి వాటా. అయితే నడిబొడ్డున గజం ధర బైపాస్ అవతలి ధరకు కొన్ని రెట్లు ఉండవచ్చు కాబట్టి ఈ రెంటినీ గజాల్లో కాక రూపాయల్లో పోల్చాలి.

ఆ తరువాత రోజువారీ జీవితం. బడి, ఆసుపత్రి, బస్టాండు నడక దూరంలో ఉండడం వల్ల మిగిలే సమయమూ పెట్రోలు ఖర్చూ చిన్నవి కావు. మా అభిప్రాయం ఇది: పత్రాలు రెండింటికీ సమానంగా సరిగ్గా ఉన్నప్పుడే ఈ సౌకర్యాలను తూకం వేయాలి. పత్రాలు ఒకదానికే సరిగ్గా ఉంటే, అది ఎంత దూరాన ఉన్నా దానినే తీసుకోవాలి.

అమ్మానాన్నల కోసం కొంటున్నాం. ఇన్నాళ్లూ ఊళ్లో సొంతింట్లో ఉన్నవాళ్లు ఫ్లాట్‌లో ఉండగలరా?

వాకిట్లో కూర్చోవడం, నాలుగు మొక్కలు పెంచుకోవడం, వచ్చిపోయే వాళ్లను పలకరించడం అలవాటైన పెద్దలకు రెండో అంతస్తు గది కష్టంగానే ఉంటుంది. అయినా మోకాళ్ల నొప్పులు, రక్తపోటు ఉన్నవారికి డాక్టరు దగ్గరగా ఉండడం పెద్ద ఆసరా. పాత నర్సింగ్ హోమ్‌లను మార్చిన కట్టడాల్లో వెడల్పాటి మెట్లు, కొన్నిచోట్ల ర్యాంపు, స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఉంటాయి. పెద్దలకు ఇది నిజంగా ఉపయోగపడే విషయం. లిఫ్టు లేకపోతే కింది అంతస్తు దొరికితేనే ఆలోచించండి. నిర్ణయం మాత్రం వాళ్లను ఒక పగలు అక్కడికి తీసుకువెళ్లి, వాళ్ల మాట విన్నాకే చేయండి.

తరువాత అమ్ముకోవాల్సి వస్తే దేనికి గిరాకీ ఉంటుంది?

జిల్లా కేంద్రాల్లో ఇప్పటికీ విడి ఇంటికే గిరాకీ ఎక్కువ. మార్చిన ఫ్లాట్‌ను అమ్మేటప్పుడు కొనేవారికి బ్యాంకు రుణం వస్తుందా అన్నదే ప్రశ్న అవుతుంది. రుణం రాని ఫ్లాట్‌ను నగదు ఉన్నవారే కొనగలరు కనుక బేరం తగ్గుతుంది.

## చూడటానికి వెళ్లినప్పుడు

పాత బంగ్లాను నాలుగు ఫ్లాట్లు చేశారు, లోపల కొత్త గోడలు కట్టారు. కట్టడానికి ప్రమాదమా?

ముందుగా ఆ కట్టడం స్తంభాల మీద నిలిచిందా, గోడల మీద నిలిచిందా తెలుసుకోవాలి. పాత బంగ్లాల్లో చాలావరకు గోడలే బరువు మోస్తాయి. అటువంటి చోట హాలును పెద్దది చేయడానికి ఒక గోడను పగలగొట్టి ఉంటే, దాని స్థానంలో తగిన దూలం వేశారా అన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

కొత్తగా కట్టిన గోడలది మరో లెక్క. 9 అంగుళాల మందం, పదడుగుల ఎత్తు ఉన్న ఇటుక గోడ ఒక్క మీటరు పొడవుకు సుమారు 1,300 కిలోలు తూగుతుంది. నివాస గదుల నేలను చదరపు మీటరుకు 200 కిలోల అదనపు భారం (మనుషులు, సామాను బరువు) మోసేలా రూపొందించాలన్నది కట్టడాల భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875. కింద దూలం లేనిచోట స్లాబు నడిమధ్యన అంత గోడను నిలబెడితే ఏమవుతుందో ఊహించవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడ అందులో సగం బరువు ఉంటుంది, ఏఏసీ బ్లాకుల (గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మెల) గోడ ఇంకా చాలా తేలిక. కాబట్టి కొత్త గోడలను దేనితో కట్టారని అడగండి, ఆ గోడ కింది అంతస్తులో దూలం ఉందో లేదో కింది ఫ్లాట్‌లోకి వెళ్లి చూడండి. స్లాబు అడుగున పెచ్చులు ఊడడం, తుప్పు మరకలు, ఇనుప చువ్వలు కనబడడం ఉంటే సొంత ఇంజినీరును తీసుకువెళ్లి కాంక్రీటు గట్టిదనాన్ని తేల్చే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయించండి. అమ్మేవారు చూపే ఇంజినీరు కాగితం దీనికి బదులు కాదు.

మూతపడిన నర్సింగ్ హోమ్‌నో, కాలేజీనో మార్చారు. అవి ఇళ్లకంటే గట్టిగా కట్టి ఉంటారు కదా?

కొంతవరకే నిజం. తరగతి గదులకు ప్రమాణం చదరపు మీటరుకు 300 కిలోలు కాబట్టి ప్రమాణం పాటించి కట్టిన కాలేజీకి ఆ మేరకు వెసులుబాటు ఉంటుంది. ఆసుపత్రి వార్డులకు మాత్రం ప్రమాణం నివాసానికి ఉన్నంతే, 200 కిలోలే. ఇల్లుగా కట్టి తరువాత నర్సింగ్ హోమ్‌గా వాడి, ఇప్పుడు ఫ్లాట్లు చేసిన కట్టడాలు కూడా ఉంటాయి. వాటిని రెండుసార్లు పగలగొట్టి ఉంటారు. మొదటి నిర్మాణ నక్షా అడిగి తీసుకోండి.

ప్రతి ఫ్లాట్‌కూ కొత్త బాత్‌రూములు పెట్టారు. లీకేజీ వస్తుందా?

మార్చిన ఫ్లాట్లలో అన్నిటికంటే ముందుగా వచ్చే ఫిర్యాదు ఇదే. మామూలు అపార్ట్‌మెంట్‌లో బాత్‌రూము ఉన్నచోట స్లాబును ముందే కిందికి దించి గొట్టాలకు చోటు వదులుతారు. పాత కట్టడంలో అది ఉండదు కనుక నేలను పైకి లేపి, ఇటుక ముక్కలూ ఇసుకా నింపి, మధ్యలో గొట్టాలు వేస్తారు. 9 అంగుళాలు నింపితే చదరపు మీటరుకు సుమారు 400 కిలోల బరువు పడుతుంది, పైగా నింపిన దానిలోకి నీరు చేరితే ఎక్కడ కారుతోందో కనుక్కోవడం కష్టం. గుమ్మం దగ్గర మెట్టు ఎక్కి బాత్‌రూములోకి పోవాల్సి వస్తే అక్కడ నేల లేపారని అర్థం. బాత్‌రూము నేలను నీటితో నింపి 48 గంటలు ఉంచి, కింది ఫ్లాట్ పైకప్పును చూసే పరీక్షకు అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ ఫ్లాట్‌ను వదిలేయడమే మంచిది.

బోరు ఉంది, నల్లా ఉంది అంటున్నారు. నీటి విషయంలో ఇంకా ఏం చూడాలి?

నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ ఎన్ని కుటుంబాల ఎముకలను వంచిందో మనందరికీ తెలుసు. మిషన్ భగీరథ నీరు వచ్చాక తాగునీటి పరిస్థితి మారింది కానీ, బోరు నీరు మారలేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. బోరు నీటిని ఒక సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. ఆర్వో యంత్రం తగ్గిస్తుంది.

ఫ్లాట్ అయితే నల్లా కనెక్షన్ కట్టడం మొత్తానికి ఒకటేనా, ఒక్కొక్కరికి వేరుగా ఉందా అడగాలి. ఒక కుటుంబానికి ఇచ్చిన ఒక్క కనెక్షన్‌ను ఆరు కుటుంబాలు పంచుకుంటే ఎండాకాలంలో ట్యాంకర్ తప్పదు. పాలమూరు వైపు గట్టి రాతి నేల కావడం వల్ల బోర్లు ఏప్రిల్, మే నెలల్లో అడుగంటుతాయి కనుక వీలైతే ఆ నెలల్లోనే వెళ్లి చూడండి.

సెప్టిక్ ట్యాంకు గురించి కూడా అడగాలా?

తప్పనిసరిగా అడగాలి. మన పట్టణాల్లో చాలా వీధులకు భూగర్భ డ్రైనేజీ లేదు. ఒక కుటుంబానికి తవ్విన ట్యాంకు నాలుగు కుటుంబాలకు చాలదు, కొత్తది తవ్వడానికి పాత స్థలంలో జాగా ఉండదు. దాని కొలతలు, ఎక్కడ ఉంది, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారు అన్నవి తెలుసుకోండి.

విడి ఇల్లు చూశాం కానీ అది పాత పెంకుటిల్లు. కొనవచ్చా?

కొనవచ్చు, కానీ నేలకు మాత్రమే ధర కట్టండి. మందపాటి మట్టి గోడలు, డంగు సున్నం పని ఎండాకాలంలో చల్లగా ఉంటాయన్నది నిజమే. అయితే దంతెలకు చెద పట్టిందా, గోడ అడుగున చెమ్మ ఎక్కిందా చూడాలి. మరమ్మతు చేసి ఉండాలనుకుంటే అటువంటి పని తెలిసిన మేస్త్రీని ముందే వెతుక్కోండి, ఇప్పుడు వాళ్లు తక్కువ. ఇటువంటి ఇంటికి బ్యాంకు గృహరుణం రావడం కష్టం.

పార్కింగు ఇస్తామంటున్నారు. నమ్మవచ్చా?

సేల్ డీడ్‌లో (అమ్మకపు దస్తావేజులో) రాసి, ప్లానులో గుర్తించి ఉంటేనే నమ్మండి.

## పత్రాల దశలో

మున్సిపల్ పర్మిషన్ ఉందని కాగితం చూపించారు. అది సరిపోదా?

ఆ కాగితం దేనికి ఇచ్చిందో చదవాలి. 'వ్యక్తిగత నివాసం, జీ ప్లస్ వన్' (కింది అంతస్తు, పైన ఒక అంతస్తు) అని అనుమతి ఉన్నచోట ఇప్పుడు మూడు అంతస్తులు, ఆరు ఫ్లాట్లు ఉంటే ఆ అనుమతి మీరు కొంటున్న ఫ్లాట్‌ది కాదు. నర్సింగ్ హోమ్‌కో, దుకాణాలకో తీసుకున్న అనుమతిని నివాస ఫ్లాట్లకు మార్చుకుంటే, సవరించిన ప్లాను ఉండాలి. తెలంగాణలో 2012 భవన నిర్మాణ నియమాలు సెట్‌బ్యాక్‌లు (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ), పార్కింగు, ఎత్తు వంటివి నిర్ణయిస్తాయి. 2020 నుంచి టీజీబీపాస్ (తెలంగాణ భవన అనుమతుల) చట్టం కింద అనుమతులు ఆన్‌లైన్‌లో ఇస్తున్నారు కాబట్టి ఇటీవలి అనుమతుల వివరాలను అక్కడే సరిచూసుకోవచ్చు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. అపార్ట్‌మెంట్ల అనుమతి సమయంలో నిర్మిత విస్తీర్ణంలో పదోవంతును మున్సిపాలిటీ పేరిట తనఖా పెట్టించుకుంటారు. ప్లాను ప్రకారం కట్టారని తేలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతించే ధ్రువపత్రం) ఇచ్చాకే దాన్ని విడుదల చేస్తారు. మీరు కొనే ఫ్లాట్ ఆ తనఖా భాగంలో ఉందేమో అడగండి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ నకలు తీసుకోండి.

రెరా నంబరు లేదంటున్నారు. అంటే మోసమేనా?

కాకపోవచ్చు. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా నమోదు అవసరం లేదు. మన దగ్గర మార్చిన కట్టడాల్లో ఎక్కువ భాగం ఈ హద్దుల్లోపలే ఉంటాయి. నమోదైన ప్రాజెక్టులో కట్టడ లోపం బయటపడితే, స్వాధీనం ఇచ్చిన ఐదేళ్ల వరకు బిల్డరే సొంత ఖర్చుతో సరిచేయాలని చట్టం చెబుతోంది. రెరా నమోదు లేనిచోట అటువంటి షరతును అగ్రిమెంటులో మీరే రాయించుకోవడం క్షేమం.

యూడీఎస్ అంటున్నారు. దాన్ని ఎలా సరిచూసుకోవాలి?

యూడీఎస్ అంటే స్థలంలో మీకు వచ్చే విడదీయని వాటా. సేల్ డీడ్‌లో అది గజాల్లో రాసి ఉండాలి. అమ్మిన ఫ్లాట్లన్నింటి వాటాలను కూడితే స్థలం మొత్తానికి సరిగ్గా సరిపోవాలి. యజమాని కొన్ని గజాలను తన పేర మిగుల్చుకున్నట్లు కనిపిస్తే, పైన మరో అంతస్తు వేసే ఆలోచన ఉందేమో అనుమానించండి. డాబా మీద హక్కు అందరిదా, ఒకరిదా అన్నది కూడా డీడ్‌లోనే తేలాలి. పాతికేళ్ల తరువాత కట్టడం కూల్చి కొత్తది కట్టాల్సి వచ్చిన రోజున మీ చేతిలో మిగిలేది ఈ వాటా ఒక్కటే. అందుకే ఫ్లాట్ ఎంత అందంగా ఉన్నా, వాటా రాయని డీడ్ మీద సంతకం పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాము.

అన్నదమ్ములు సంతకాలు పెడతామంటున్నారు. అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా కావాలా?

కావాలి. హిందూ కుటుంబాల విషయంలో, హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన 1986 సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు అయిన భాగపంపకాలు మాత్రం చెదరవు. ఇక తండ్రి స్వార్జితమైతే, వీలునామా లేకుండా ఆయన పోయినప్పుడు కూతుళ్లూ, భార్యా, తల్లీ కూడా వారసులే.

'ఆమెకు పెళ్లినాడే ఇచ్చేశాం' అనే మాటకు చట్టంలో బలం లేదు, రిజిస్టరు అయిన హక్కు విడుదల పత్రం ఉండాలి. ముస్లిం కుటుంబాల ఆస్తుల్లో కూడా భార్యకూ కూతుళ్లకూ నిర్ణీత వాటాలు ఉంటాయి. పాత ఇళ్ల విషయంలో చాలా కేసులు ఈ ఒక్క నిర్లక్ష్యం నుంచే పుడతాయి. ఆ ఆడబిడ్డలకు న్యాయంగా రావలసినదాన్ని దాటవేసి కొన్న ఇంట్లో మీకూ నిశ్చింత ఉండదు.

ఈసీ తీశాం, ఏమీ లేదని వచ్చింది. ఇక నిశ్చింతేనా?

ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) ఆ ఆస్తి మీద రిజిస్టరు అయిన లావాదేవీలే కనిపిస్తాయి. కోర్టు దావాలు, నోటరీ మీద చేసుకున్న ఒప్పందాలు, పత్రాలు తాకట్టు పెట్టి రిజిస్టరు చేయకుండా తీసుకున్న అప్పులు దానిలో రాకపోవచ్చు. అసలు లింకు డాక్యుమెంట్లను (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులను) చేతిలోకి తీసుకుని చూడండి, నకళ్లతో సరిపెట్టుకోవద్దు. వక్ఫ్, దేవాదాయ, ప్రభుత్వ భూములు ఉండే, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ నిషేధిత జాబితాను సర్వే నంబరు ఆధారంగా వేరుగా చూడాలి.

చెరువు పక్కన ఇల్లు చవకగా వస్తోంది. తీసుకోవచ్చా?

ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దు తేలేవరకు అడ్వాన్సు ఇవ్వవద్దు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. మహబూబ్‌నగర్ పెద్ద చెరువు కింది కాలనీల్లో పెద్ద వాన పడితే ఇళ్లలోకి నీళ్లు రావడం అందరికీ తెలిసిన విషయమే. వానాకాలంలో వెళ్లి ఇరుగుపొరుగు వారిని అడగండి. గోడల మీది నీటి చారలు కూడా చూడండి.

ఇల్లు పంచాయతీ లేఅవుట్‌లో ఉంది. ఇప్పుడు అది మున్సిపాలిటీలో కలిసింది. ఫర్వాలేదా?

డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) అనుమతి లేని లేఅవుట్ అయితే ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) అయిందా చూడండి. 2020 ఎల్ఆర్ఎస్ పథకం ఆ ఏడాది ఆగస్టు 26కు ముందు రిజిస్టరు అయిన ప్లాట్లకు వర్తించింది. ప్రొసీడింగ్స్ కాగితం ఉంటే రుణమూ, కొత్త నిర్మాణ అనుమతీ సులువవుతాయి. 'దరఖాస్తు పెట్టాం' అన్నది 'అయింది' అన్నదానికి సమానం కాదు. వ్యవసాయ భూమిలో వేసిన లేఅవుట్ అయితే నాలా మార్పిడి (వ్యవసాయేతర భూమిగా మార్చిన) పత్రం కూడా అడగండి.

జీపీఏ మీద అమ్ముతామంటున్నారు, లేదా సాదా బైనామా ఉందంటున్నారు.

జీపీఏతో (యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రంతో) యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. సాదా బైనామా, అంటే తెల్లకాగితం మీద రాసుకున్న రిజిస్టరు కాని అమ్మకపు పత్రం, ఇల్లు కొనడానికి ఆధారం కాదు. రిజిస్టరు అయిన సేల్ డీడ్ తప్ప వేరే దారి ఆలోచించవద్దు.

## ధర, రుణం

చెప్పిన ధర మీద ఇంకా ఎంత ఖర్చవుతుంది?

తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం, మొత్తం 7.5 శాతం అమలులో ఉంది. 40 లక్షలకు రిజిస్ట్రేషన్ చేస్తే 3 లక్షలు అవుతుంది. ఫ్లాట్‌కైనా ఇంటికైనా ఇది ఒకటే. ధర 50 లక్షలు, అంతకు మించితే కొనేవారు 1 శాతం టీడీఎస్ (మూలంలోనే కోసే పన్ను) మినహాయించి ఆదాయపు పన్ను శాఖకు కట్టాలి.

జీఎస్టీ మాత్రం రెండింటికీ తేడాగా ఉండవచ్చు. ఎవరో ఉన్న పాత ఇంటిని కొంటే జీఎస్టీ లేదు. బిల్డరు కంప్లీషన్ సర్టిఫికెట్ రాకముందే ఫ్లాట్ అమ్మితే 5 శాతం, కార్పెట్ (గోడల లోపలి) విస్తీర్ణం 90 చదరపు మీటర్ల లోపు, ధర 45 లక్షల లోపు ఉంటే 1 శాతం పడుతుంది.

ఎస్‌ఎఫ్‌టీ ఇంత అని చెబుతున్నారు. ఆ లెక్క సరైనదేనా?

ఎస్‌ఎఫ్‌టీ అంటే చదరపు అడుగు; అలా చెప్పే విస్తీర్ణంలో మెట్లు, నడవా కలిపి ఉంటాయి. మార్చిన కట్టడాల్లో గోడలు మందం, నడవాలు వెడల్పు కావడంతో ఈ తేడా ఇంకా ఎక్కువ. టేపు తీసుకుని గోడల లోపలి కొలత మీరే కొలిచి, ధరను దానితో భాగించండి.

బ్యాంకు ఎంత రుణం ఇస్తుంది?

రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షల వరకు రుణాలకు ఆస్తి విలువలో గరిష్ఠంగా 90 శాతం, 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం ఇవ్వవచ్చు. బ్యాంకు కట్టే విలువ మీ బేరం ధరకంటే తక్కువ ఉండవచ్చు, కట్టడం పాతదైతే రుణం కాలపరిమితి తగ్గవచ్చు. అడ్వాన్సు ఇవ్వకముందే పత్రాల నకళ్లను బ్యాంకు న్యాయవాదికి చూపించి అభిప్రాయం తీసుకోండి. బ్యాంకు కాదన్న ఆస్తిని 'ప్రైవేటు ఫైనాన్సులో చూసుకుందాం' అని కొనడం సరికాదు.

## ఒప్పందం, ఆ తరువాత

అగ్రిమెంటులో ఏమేమి రాయించుకోవాలి?

యూడీఎస్ గజాలు, పార్కింగు స్థానం, డాబా హక్కు, లోపలి కొలత, నీటి కనెక్షన్లు ఎవరి ఖర్చు, లీకేజీ బాధ్యత ఎన్నాళ్లు అన్నవి స్పష్టంగా ఉండాలి. రుణం మంజూరు కాకపోతే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వాలన్న షరతును మాత్రం ఎట్టిపరిస్థితుల్లోనూ వదలవద్దు. అడ్వాన్సును నగదుగా కాక బ్యాంకు ద్వారా ఇవ్వండి.

నాలుగే ఫ్లాట్లు. సంఘం పెట్టుకోవాల్సిన అవసరం ఉందా?

ఉంది. మోటారు కాలినా, ట్యాంకు నిండినా ఖర్చు పంచుకోవడానికి రాతపూర్వకమైన పద్ధతి కావాలి. నలుగురే ఉన్నచోట ఒకరు కట్టనంటే పని ఆగిపోతుంది. 2001 తెలంగాణ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి కనుక, చిన్న కట్టడాల్లో కుటుంబం నుంచి ఇద్దరేసి చేరవచ్చు.

రిజిస్ట్రేషన్ అయింది. వెంటనే చేయాల్సిన పనులు ఏమిటి?

ఇంటి పన్ను రికార్డులో మీ పేరు ఎక్కిందా చూసుకోండి. ఫ్లాట్ అయితే మీ ఫ్లాట్‌కు వేరుగా ఇంటి నంబరు, పన్ను అసెస్‌మెంటు ఉండాలి. కట్టడం అంతటికీ ఒకే అసెస్‌మెంటు ఉంటే పక్కవారి బకాయి మీ మెడకు చుట్టుకుంటుంది. కరెంటు మీటరును దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థలో మీ పేరిట మార్పించండి. నర్సింగ్ హోమ్‌గానో, దుకాణంగానో ఉన్న కట్టడంలో మీటరు ఇంకా వాణిజ్య కేటగిరీలోనే ఉండవచ్చు. గృహ వినియోగ కేటగిరీకి మార్చుకోకపోతే యూనిట్‌కు ఎక్కువ ధర కడుతూనే ఉంటారు, కాబట్టి మొదటి బిల్లు రాకముందే ఆ దరఖాస్తు ఇవ్వండి.